బండి కింద కుంపటి

కోనసీమ వెళ్ళి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా ఊళ్ళో ఎవరు ఎదురుపడినా ముందు కొబ్బరికాయల ధర అడుగుతున్నారు. చెప్పగా చెప్పగా నోరు నొప్పి పుట్టింది. పైగా చెప్పిన ప్రతిసారీ నాలుగు అబద్ధాలు కొత్తగా చేరుతున్నాయని మా అమ్మ ఎత్తిపొడుస్తోంది. అందుకని జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నా తెలివితక్కువతనం కూడా ఉంది. దాన్ని దాచిపెడితే మిగిలిన కథ నిలబడదు.

మాది పెద్దాపురానికి ఎగువన మెట్ట ప్రాంతం. నా పేరు సూరయ్య. కొద్దిపాటి కంది చేను, ఒక బండి, గౌరన్న, మచ్చన్న అని రెండు ఎడ్లు, ఇదీ నా ఆస్తి. మూడేళ్ళ క్రితం అమ్మ రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. మొదట దీపం చుట్టూ గుడి కట్టినట్టు కనిపిస్తోందంది, తరవాత మనుషులు నీడల్లా ఉన్నారంది, ఆ తరవాత ఏమీ అనడం మానేసింది. మా చిన్నవాడు పుట్టింది ఆ తరవాతే. వాడి మొహం ఆవిడ చేత్తో తడిమి చూడడమే కాని కంటితో చూడలేదు. "వీడి ముక్కు వాళ్ళ తాత ముక్కేనా?" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేది. ఒకరు అవుననేవారు, ఒకరు కాదనేవారు. ఆవిడకి ఎవరి మాటా ఆనేది కాదు.

మాఘమాసం మొదట్లో బట్టల మూట వేసుకు వచ్చిన వర్తకుడొకడు నరసాపురం సంగతి చెప్పాడు. అక్కడ రేవు దగ్గర సత్రంలో ఒక హకీము దిగాడట. సూదితో కంటి పొర పక్కకి నెట్టేస్తాడట. చూపు వచ్చిన వాళ్ళని వర్తకుడు తన కళ్ళతో చూశాడు. అయితే మాఘ పౌర్ణమి నాడు హకీము ఓడెక్కి వెళ్ళిపోతాడు, మళ్ళీ వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. నవమి నాడు పొద్దున్నే బండి కట్టాను. చేతిలో ఆరు రోజులున్నాయి. నా బండికి నాలుగు చాలు, మిగిలిన రెండు రోజులూ నీకు నరసాపురం చూపిస్తానన్నాను అమ్మతో. ఆ మాట అనడానికి నాకు హక్కుంది. మా ఊళ్ళో నా అంత తొందరగా బండి కట్టేవాడు లేడు. నిద్ర లేచి, కాడి ఎత్తి, ఎడ్లని అదిలించడం నాకు ఒకటే పని.

ధవళేశ్వరం

రెండో రోజు సాయంత్రానికి ధవళేశ్వరం చేరాం. ఆనకట్ట కట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. చూడడానికి వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. శనగలు వేయించి అమ్మేవాళ్ళు గట్టంతా ఉన్నారు. నేను రాళ్ళూ, తలుపులూ, వాటి మీద నడిచే మనుషులూ ఎలా ఉన్నారో చెప్పుకుపోతుంటే అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. కాసేపు ఆ నీటి హోరు విని, ఇంత గోల చేసే నీళ్ళు మన చేలకి ఒక్క చెంబుడు రాలేదేమిరా అంది. అక్కడున్న నాలుగు బళ్ళ వాళ్ళూ నవ్వారు. మెట్టవాడికి నీళ్ళ మాట ఎత్తితే మనసులో ఉన్నది నోటికి వచ్చేస్తుంది.

కొత్తపేట

గౌతమి దాటగానే ఇంకో దేశంలో కాలు పెట్టినట్టుంది. మా వైపు నేల కంటికి ఆనినంత మేర కనబడుతుంది, ఇక్కడ పది బారల అవతల ఏముందో తెలియదు. కొబ్బరి, అరటి, పనస, పోక, వాటి మధ్యన కాలువ, కాలువ మీద పడవ. మనుషుల మాట మరీ మెత్తన. దారి అడిగితే దారి చెప్పి ఊరుకోరు, మన ఊరు అడుగుతారు, అన్నం తిన్నామో లేదో అడుగుతారు, అన్నిటి చివరా ఒక "ఆయ్" అంటారు. మా వైపు దారి అడిగితే చేత్తో చూపించి ఊరుకుంటారు.

ఆ రోజు ఏకాదశి. అమ్మకి ఉపవాసం. దిగిన ఇంటి ఇల్లాలు ఆవిడకి లేత కొబ్బరి, చక్రకేళీలు, బెల్లం పెట్టింది. నాకు పనసపొట్టు కూర, కందాబచ్చలి వేసి అన్నం పెట్టింది. ఏ కూర తిన్నా కొబ్బరి తగిలింది. తలకి కొబ్బరినూనె, దీపానికి కొబ్బరినూనె, పొయ్యిలోకి కొబ్బరి మట్టలు. మా ఇంట్లో కొబ్బరినూనె పిల్లల తలకి పండగ నాడు రాసే వస్తువు. దాన్ని ఇలా నీళ్ళలా వాడడం చూస్తే నాకు అసూయ పుట్టింది.

అసూయ ఎక్కడికి దారి తీసిందంటే, సాయంత్రం గానుగ కొట్టుకి వెళ్ళాను. ఇరుసుకి రాసే కందెన అయిపోవచ్చింది. మా వైపు ఆముదంలో గడ్డి మసి కలిపి వెదురు గొట్టంలో పోసి బండి కింద కట్టుకుంటాం. ఇక్కడ ఆముదం పిరెం, కొబ్బరినూనె చవక. మా సంతలో గిద్దెడు వచ్చే వెలకి ఇక్కడ సోలెడు పోశారు. ఇక్కడి బళ్ళ వాళ్ళంతా ఇదే వాడతారా అని అడిగితే వాడతారన్నాడు గానుగాయన. ఇంకో మాట కూడా చెబుతూ గుగ్గిలం ముద్ద ఒకటి నా చేతిలో పెట్టబోయాడు. అంగడి వాళ్ళు ఒకటి అడిగితే రెండు అంటగడతారని నాకు తెలుసు. మాట వినకుండా, ముద్ద పుచ్చుకోకుండా వచ్చేశాను. ఎందుకు చెబుతున్నానంటే, ఆయన పేరు చెప్పి ఎవరైనా నన్ను సమర్థించబోతే ఒప్పుకోకండి. తప్పు నాదే.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. మాఘమాసపు చలికి మాకులు వణుకుతాయంటారు, ఇక్కడ కాలువల మీద పొగమంచు కూడా తోడైంది. బళ్ళ పాకలోకి వెళితే ఒక వింత కనిపించింది. పది బళ్ళున్నాయి. ప్రతి బండి చక్రం పక్కనా, ఇరుసు కిందా, పగిలిన కుండ పెంకులో కొబ్బరికాయల పై డొక్కల నిప్పులు పెట్టి ఉన్నాయి. బళ్ళ వాళ్ళు తీరిగ్గా కూర్చుని చక్రాలని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. కొందరు గోనెపట్టాతో ఎడ్ల వీపులు రుద్దుతున్నారు. ఒకడు ఉత్త ఎడ్లని పాక చుట్టూ నడిపిస్తున్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. మా వైపు కుంపటి పెట్టేది బాలింత మంచం కింద. బండికి పుట్టింది ఆడో మగో అని అడిగాను. పక్క బండాయన కోపం తెచ్చుకోలేదు.

"చలికి బిగుసుకుంటాదండి. ఓ గడియ ఆగితే పగలంతా మన మాట ఇంటాదండి, ఆయ్."

ఆ గడియలో నేను కోసు దూరం పోతానన్నాను. కొత్త నూనె గొట్టం నిండా పోసి, మసి కలిపి, ఇరుసు రెండు కొసలకీ దండిగా పట్టించి, అమ్మని ఎక్కించి, అందరికంటే ముందు బండి తోలేశాను. వెనక పాక మొత్తం చేతులు కాచుకుంటూ కూర్చునే ఉంది.

అంబాజీపేట దాటాక

పొద్దెక్కేసరికి నా బండికి ముందు ఎవరూ లేరు, వెనకా కనుచూపు మేర ఎవరూ లేరు. అంబాజీపేటలో ఆగి పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్డెనలు తిన్నాం. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. ద్వాదశి పారణ ఇంత బాగా ఎన్నడూ జరగలేదంది అమ్మ. ఎండ వచ్చింది. చక్రాలు ఎంత తేలిగ్గా తిరుగుతున్నాయో చూడమని ఆవిడకే చెప్పాను. చూడలేదు కదా, చెవి పెట్టి వింది.

వినే కొద్దీ ఆవిడ మొహం మారింది. కుడి చక్రం ఏడుస్తోందిరా అంది. నాకేమీ వినపడలేదు. చూపు పోయాక చెవులకి లేనిపోనివి తోస్తాయన్నాను. ఇంకో కోసు వెళ్ళాక నాకే వినబడింది. దిగి చూస్తే దారి పొడుగునా దుమ్ములో రెండు గీతలు. నా కొబ్బరినూనె ఎండకి నీళ్ళయిపోయి, ఇరుసు నుంచి కారి, కోనసీమ దారికి అభిషేకం జరిగిపోయింది. ఇంకా పోశాను, అదీ కారింది. గన్నవరం తోపులు కనబడేసరికి చక్రం నడుమ కుండలోంచి సన్నగా పొగ లేచింది. ఆగిపోయాం. గొట్టంలో మిగిలిన నూనంతా రెండు చక్రాలకీ కుమ్మరించి, తెల్లవారి చూసుకుందామని పడుకున్నాను.

తెల్లవారి చూసుకున్నది చెప్పడానికి సిగ్గుగా ఉంది. రాత్రి చలికి ఆ నూనె, మసి, దారి దుమ్ము కలిసి ఇరుసు చుట్టూ గట్టిగా పేరుకుపోయాయి. చక్రం చేత్తో కదపబోతే కదల్లేదు. అది చాలదన్నట్టు అలవాటు కొద్దీ ఎడ్లని కట్టేశాను. చలికి బిర్రబిగుసుకున్న ఎడ్లు, బిగుసుకున్న ఇరుసు, మధ్యన నా చేతిలో కొరడా. మచ్చన్న ముందుకి తూలి మోకాళ్ళ మీద పడింది. లేచేసరికి కాడి రాసుకుని మెడ మీద తోలు లేచిపోయింది. ఆ ఎద్దుని నేను ఆరేళ్ళుగా పెంచాను. అది నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

గన్నవరం రేవు

ఆ సమయానికి ఒక బండి వచ్చి మా పక్కన ఆగింది. తోలుతున్నది ఆడమనిషి. యాభై ఏళ్ళు ఉంటాయి, చీర చెంగు నడుముకి బిగించి ఉంది. పేరు అప్పాయమ్మ. భర్త ఉప్పు పడవల మీద పోతాడు, ఆవిడ తాళ్ళు పేనే వాళ్ళకి కొబ్బరి పీచు తోలుతుంది. మా వైపు ఆడవాళ్ళు బండి తోలగా నేను చూడలేదు. ఆవిడ దిగి, ముందు ఎద్దు మెడ చూసింది, తరవాత ఇరుసు మీద వేలు పెట్టి వాసన చూసింది.

"కొబ్బరినూనె ఒట్టిది పోసేరా బాబూ? గుగ్గిలం కలపకుండా?"

అమ్మ బండిలోంచి చెయ్యి చాపి ఆ వేలు తడిమి తనూ వాసన చూసింది. ఇదా నువ్వు పోసింది అంది. చలికాలం తల దువ్వుకునే ప్రతి ఆడపిల్లకీ తెలుసు ఈ నూనె గడ్డకడుతుందని, ముంతని పొయ్యి పక్కన పెట్టకుండా ఎవరైనా తలకి రాస్తారా అని అడిగింది. ఇంట్లో ఆ పని ఎప్పుడూ అమ్మో, నా భార్యో చేసేవాళ్ళు. నేను కరిగిన నూనె తప్ప చూసిన పాపాన పోలేదు.

అప్పుడు బోధపడింది. ఇక్కడి వాళ్ళు చవక కదా అని కొబ్బరినూనె వాడుకుంటారు. కాని ఎండకి కారకుండా పడవల వాళ్ళు వాడే గుగ్గిలం దంచి కలుపుతారు, చలికి పేరుకున్నది కరగడానికి పొద్దున్నే కుంపటి పెడతారు. ఈ మూడూ కలిస్తేనే పని. నేను చవక ఒక్కటీ పుచ్చుకుని, ముద్ద వద్దని, కుంపటిని వెక్కిరించాను.

ఆ రోజంతా పోయింది. అప్పాయమ్మ పని మానుకుని మాతో ఉండిపోయింది. ఇరుసు చివరి చీలలు తీసి, చక్రాలు విప్పి, గట్టిపడిన మడ్డిని చిప్పతో గీకి పారేశాం. ఇరుసు కుడి కొస అప్పటికే కొంచెం కాలి నల్లబడింది. దాన్ని ఇసకతో రుద్ది నున్నగా చేశాం. ఆవిడ తన దగ్గరున్న గుగ్గిలం దంచి, నూనెలో కాచి, వేడివేడిగా పట్టించింది. మచ్చన్న మెడకి పసుపు, వెన్న రాసి, కాడికి పీచు దిండు కట్టింది. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన కందిపప్పు మూట విప్పి ఆవిడ ఒళ్ళో పోసింది. మెట్ట కందిపప్పు అంటే ఆ వైపు వాళ్ళకి ప్రాణం. నవ్వుకుంటూ కట్టుకుంది.

మధ్యాహ్నం అంతర్వేది తీర్థం చూసుకుని వెనక్కి వస్తున్న యాత్రికుల బళ్ళు ఎదురయ్యాయి. హకీము ఇంకా ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడట. కాని పౌర్ణమి సాయంత్రం కాదు, పొద్దున్న సముద్రపు పోటు నిండి, నీళ్ళు వెనక్కి తీయగానే పడవెక్కి ఓడ దగ్గరికి వెళ్ళిపోతాడట. సామాను కట్టుకోవడం చూశామన్నారు. వేళ్ళు మడిచి లెక్క వేశాను. అది త్రయోదశి. నా తొందర తెచ్చిన ఆలస్యం సరిగ్గా ఒక రోజు.

అమ్మ నా భుజం తడిమింది. "దొరక్కపోతే పోనీలేరా సూరీ, మూడేళ్ళు అలవాటైపోయింది," అంది. తిట్టినా బాగుండేది.

చీకటి పడకముందే వైనతేయ దాటాలి. రెండు పడవలు జతకట్టి పలకలు పరిచిన పంటు మీద బండి ఎక్కించాం. ఆ పక్కనే నది మీదుగా కమానుల మీద కాలువని పోనిచ్చారు. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. అమ్మకి చెబితే నమ్మలేదు, అప్పాయమ్మ సాక్ష్యం చెప్పింది. అవతలి ఒడ్డున వీడ్కోలు తీసుకుంటూ ఆవిడ పాత కుండ పెంకు ఒకటి, బస్తా నిండా ఎండు డొక్కలూ మా బండిలో పెట్టింది.

"రేపు ఎద్దుని నడిపించి తీసుకెళ్ళండి, తోలకండి. ఎల్లుండి రాజోల్లో మటుకు అందరికంటే ముందు లేవండి బాబూ. లేచి, అందరిలాగే ఆగండి."

రాజోలు

చతుర్దశి నాడు తాటిపాక మీదుగా రాజోలు దాకా దాదాపు నడిచే వచ్చాను. అమ్మ ఒక్కతే బండిలో ఉంది. తాటిపాక దగ్గర ఒక ముసలాయన మచ్చన్న మెడ చూసి, అడక్కుండానే ఉలవలు పెట్టాడు. రాజోలు మైదానంలో అంతర్వేది నుంచి తిరిగి వచ్చే బళ్ళు నలభై దాకా దిగి ఉన్నాయి.

పౌర్ణమి. తెల్లవారుజామున వెన్నెల ఇంకా ఉండగానే లేచాను. అంతకుముందు జీవితంలో లేచిన ప్రతిసారీ ముందు కాడి మీద చెయ్యి వేశాను. ఆ రోజు పెంకు తీసి డొక్కలు పేర్చి నిప్పు రాజేశాను. పచ్చి పీచు కలిసినట్టుంది, పొగ కళ్ళలోకి కొట్టింది. ఊదీ ఊదీ నిప్పు చేసి, ఇరుసుకి జానెడు దూరంలో పెట్టాను. గోనెపట్టాతో గౌరన్నని, మచ్చన్నని ఒళ్ళు వెచ్చబడేదాకా రుద్దాను. ఉత్త ఎడ్లని మైదానం చుట్టూ రెండు సార్లు నడిపించాను. ఆ ఒక్క గడియా నాకు ఏడాదిలా గడిచింది. పోటు ఎక్కుతోంది, పడవ లంగరు ఎత్తుతోంది అని మనసు కొరడా పుచ్చుకుని నన్నే కొడుతోంది. అమ్మ బండి పక్కన కూర్చుని చక్రం కుండ మీద చెయ్యి వేసి ఉంది.

ఎడ్లని తెచ్చాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకా ఆగాను. కాసేపటికి చెయ్యి తీసి చెప్పింది.

"ఒళ్ళు వెచ్చబడిందిరా. ఇక పద."

ఆ రోజు నా బండి నడిచినట్టు ఎప్పుడూ నడవలేదు. చక్రాలు చప్పుడు చేయలేదు. పీచు దిండు మీద కాడి ఆనించి మచ్చన్న తనంతట తనే అడుగు వేసింది. నేను కొరడా బండిలో పడేశాను.

రెండు కోసుల అవతల, కాలువ గట్టు మీద ఒక బండి అడ్డంగా ఆగి ఉంది. మా మెట్ట వాడే, బెల్లం వ్యాపారి. రాజోల్లో నేను ఊదుతుంటే, బండి పురుడు పోసుకుందా అని నవ్వి ముందు వెళ్ళిపోయినవాడు. వాడి ఇరుసు కిర్రుమంటోంది, ఎడ్లు కదలడం లేదు. దాటిపోతుంటే మనసులో ఎంత సంతోషమయిందో దాచను. కాని అమ్మ బండి ఆపమంది. చలికి అమ్మ ముందు పెట్టిన పెంకులోంచి సగం నిప్పులు కొబ్బరి చిప్పలో పోసి వాడి చేతికిచ్చి, ఇరుసు కింద పెట్టుకుని కాసేపు ఆగమని చెప్పాను. ఎంతసేపని అడిగాడు. నవ్వడం మానేసేదాకా అన్నాను.

సఖినేటిపల్లి

రేవు చేరేసరికి ఎండ ముదరలేదు. పోటు గట్టు అంచు దాకా నిండి ఉంది. పంటు అప్పటికే అవతలి ఒడ్డున ఉంది. ఒక బెస్తాయన బండి చూసుకుంటానని ఎడ్లని విప్పాడు, ఆయన తమ్ముడు మమ్మల్ని చిన్న పడవలో ఎక్కించుకున్నాడు. గోదావరి గాలికి అమ్మ గజగజలాడుతుంటే నిప్పుల పెంకు గోనెలో చుట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాను. నది మధ్యకి వచ్చాక నీళ్ళు ఒక్కసారి నిలబడిపోయినట్టయ్యాయి. పోటు అయిపోయింది, ఇక నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలవుతుందని పడవాయన చెప్పాడు. నేను తెడ్డు అందుకున్నాను. తెడ్డు వెయ్యడం నాకు రాదు, అయినా ఆయన వద్దనలేదు.

నరసాపురం

ఒడ్డున దిగి అమ్మని వీపు మీద ఎక్కించుకుని పరిగెత్తాను. హకీము గారు రేవు మెట్ల మీద ఉన్నారు. తెల్ల గడ్డం, పొట్టి మనిషి. పెట్టె పడవలోకి వెళ్ళిపోయింది, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో కాలు పెట్టబోతున్నారు. నేనేమి అన్నానో నాకు గుర్తు లేదు. అమ్మని దింపి ఆయన కాళ్ళ ముందు కూర్చోబెట్టాను. ఆయన వంగి, రెప్పలు విప్పి, ఎండకి తిప్పి చూశారు. ఎడమ కన్ను ఇంకా ముదరలేదు, కుడిది సరిగ్గా ఉంది, పెట్టె తెమ్మన్నారు. పడవ వాళ్ళు పాటు తప్పిపోతోందని గోల పెట్టారు.

ఆయన సూది తీసి, వేళ్ళు ఒకసారి చాచి చూసుకుని, మళ్ళీ ముడుచుకున్నారు.

"చేతులు చల్లబడ్డాయి. చల్లటి చెయ్యి వణుకుతుంది, బేటా. కాని పడవ ఆగనంటోంది."

ఆరు రోజుల క్రితం నేనైతే తొందర పెట్టేవాణ్ణే. అమ్మ ఒళ్ళోంచి పెంకు తీసి, గోనె విప్పి, మిగిలిన నిప్పులని ఊది ఎర్రగా చేసి ఆయన ముందు పెట్టాను.

"వెచ్చబడనివ్వండి. తొందర లేదు."

పడవ వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. హకీము గారు తీరిగ్గా రెండు చేతులూ కాచుకున్నారు, సూది కూడా ఆ వేడి మీద తిప్పారు. నేను వెనక నుంచి అమ్మ తల రెండు చేతులా పట్టుకున్నాను. ఆవిడ కదల్లేదు. నేనైతే కళ్ళు మూసుకున్నానని ఒప్పుకుంటున్నాను. తెరిచేసరికి ఆయన వేళ్ళు ఎత్తి పట్టుకుని, ఎన్ని కనబడుతున్నాయని అడుగుతున్నారు.

మూడు అంది అమ్మ. తరవాత మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. మూడేళ్ళ తరవాత ఆవిడ కన్ను నా మీద ఆగింది.

"ఒరే సూరీ, మొహం నిండా ఆ మసి ఏమిట్రా? తుడుచుకో."

రేవులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. తిట్టిన పడవ వాళ్ళు కూడా నవ్వారు. నేను మటుకు ఏడ్చాను. హకీము గారు కంటికి కట్టు కట్టి, ఏడు రోజులు విప్పొద్దని, తల ఊపొద్దని, దగ్గర వస్తువులు కొంచెం మసగ్గానే ఉంటాయని చెప్పి పడవెక్కారు. పాటు తప్పలేదు. ఇచ్చింది పుచ్చుకుని, నిప్పుల పెంకు కూడా అడిగి తీసుకువెళ్ళారు.

ఇంటికి

ఏడు రోజులు సత్రంలో ఉండి, కట్టు విప్పాక బయలుదేరాం. వచ్చినప్పుడు నేను చెప్పిన కోనసీమకీ, ఉన్న కోనసీమకీ ఎక్కడా పొత్తు లేదని అమ్మ దారంతా నా తప్పులు పట్టింది. కమానుల మీద కాలువ చూసి మాత్రం నేను చెప్పింది నిజమేనని ఒప్పుకుంది. అప్పాయమ్మ ఇంట్లో ఒక పూట ఉన్నాం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గొంతుని బట్టి నువ్వు లావుగా ఉంటావనుకున్నానని అమ్మ అంటే, మెట్ట వాళ్ళ మాట చూపు వచ్చినా ఇంతేనండి అని ఆవిడ అంది. సూదిలో దారం అమ్మ ఎక్కించలేదు ఇప్పటికీ. చక్రం మీద చెయ్యి వేసి వెచ్చబడిందో లేదో చెప్పే పని మాత్రం ఆవిడదే.

మా ఊరు చేరిన పూట చలి ఇంకా పోలేదు. నా భార్య చిన్నవాణ్ణి చంక దింపి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. వాడు నేరుగా బండి కిందికి దూరి, ఇరుసుకి పట్టించిన గుగ్గిలం, మసి కందెనలో రెండు చేతులూ పెట్టి, అవే చేతులతో మొహమంతా రుద్దుకుని బయటికి వచ్చాడు. అమ్మ బండి దిగి వాణ్ణి ఎత్తుకుంది. ఎండకి తిప్పింది, హకీము గారు తిప్పినట్టే. చుట్టూ జనం చేరారు. ఆవిడ ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను, మాలో ఎవరికీ తొందర లేదు.

"ముక్కు తాతదే," అంది చివరికి. "మసి మాత్రం తండ్రిది."